మూల కుర్చీ

లేనట్టుండడం కూడా ఒక పనే, దానికీ జీతమిస్తారు అంటే జనం నవ్వుతారు గానీ, ఉన్న మనిషి లేనట్టుండాలంటే ఎంత ఓపిక కావాలో వాళ్లకేం తెలుసు అనుకుంటూ ఆమె కుడికాలి మీద నుంచి ఎడమకాలు దించింది. చప్పుడు కాలేదు. కూర్చున్న కుర్చీ పిల్లలది, పసుపుపచ్చ ప్లాస్టిక్‌ది. మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతున్నాయి. ఒళ్లో ప్యాడ్, ప్యాడ్ మీద రేటింగ్ షీటు, చేతిలో పెన్సిల్. పెన్నుకైతే మూత ఉంటుంది, మూత పిల్లల గొంతుకి అడ్డం పడుతుంది కాబట్టి డేకేర్లకు వెళ్లే పరిశీలకులు పెన్సిలే వాడాలి. పెన్సిల్ ములుకు కళ్లలో గుచ్చుకోదా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

ఆఫీసులో వెనకాల తనను 'కుర్చీ' అంటారని ఆమెకు తెలుసు. "ఈ వారం మన కుర్చీని ఎక్కడ వేద్దాం?" అని పై అధికారి ఫోన్లో అంటుంటే ఒకసారి చెవిన పడింది. బాధ కలగలేదు. పైగా లోపల ఎక్కడో కాస్త గర్వంలాంటిది కదిలింది. మిగతా పరిశీలకులు గదిలో కూర్చుంటే పిల్లలు చుట్టూ మూగుతారు, జుట్టు లాగుతారు, నువ్వెవరు అని అడుగుతారు. ఆమె కూర్చుంటే కాసేపటికి ఆమె మోకాలి మీద బొమ్మకారు నడుపుకుంటూ పోతారు, గోడ మీద నడిపినట్టు.

ఈ విద్య ఆఫీసు నేర్పింది కాదు. అమ్మా నాన్నా గొంతులు చించుకుని అరుచుకునే ఇంట్లో, బీరువాకీ గోడకీ మధ్య సందులో కూర్చుని చిన్నప్పుడే నేర్చుకుంది. కదలకపోతే చూడరు. చూడకపోతే ఏమీ కాదు. అరుపులు అయిపోయాక అమ్మ వంటింట్లోకి, నాన్న వీధిలోకి వెళ్లిపోయేవాళ్లు. సందులో పిల్ల ఉందన్న సంగతి చాలాసేపటి వరకూ ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అది బాగుండేది. బాగుండేదా? బాగుండేది అనుకోవడం అలవాటైంది, అంతే.

పొద్దున కూతురు ఫోన్ చేసింది. మనవరాలికి ఏడాది నిండింది, కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరాలి.

"అమ్మా, మా వీధి చివర ఉన్నదానికి లైసెన్స్ ఉందట గానీ స్టార్లు రెండే. పెద్ద రోడ్డు మీదున్నదానికి నాలుగు. నాలుగున్నదాంట్లో వేసేస్తే ఇంక దిగుల్లేదు కదా?"

"లైసెన్స్ వేరు, స్టార్లు వేరు తల్లీ."

"నాకు పాఠం చెప్పకమ్మా, ఆఫీసుకి టైమైపోతోంది. ఒక్క ముక్కలో చెప్పు."

"లైసెన్స్ అంటే పిల్లకి ఏమీ కాకుండా చూస్తారని. స్టార్లంటే పిల్లకి నాలుగు ముక్కలు అబ్బుతాయని."

"అబ్బో. మరి నాలుగు స్టార్లున్న చోట ఏమన్నా అయితే?"

"అది లైసెన్స్ వాళ్లు చూసుకుంటారు."

"నీ కళ్ల ముందే అయితే?"

"నేను చూసేది వేరేనే."

"బాగున్నాయమ్మా మీ వాటాలు. ఇల్లు తగలబడుతుంటే, ఇది నా గది కాదు అన్నట్టుంది" అని కూతురు నవ్వి పెట్టేసింది.

నవ్వినా, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది, పంటి సందులో ఇరుక్కున్నట్టు. నిజమే, వాటాలే. గేటు, గడియ, మందుల పెట్టె ఎంత ఎత్తులో ఉంది, ఒక మనిషికి ఎంతమంది పిల్లలు, ఇవన్నీ లైసెన్స్ సెక్షన్‌వి. వాళ్లు వేరే అంతస్తులో కూర్చుంటారు, వేరే రోజుల్లో వస్తారు. ఆమె షీటులో ఉండేవి సున్నితమైన ప్రశ్నలు. పిల్ల మాట్లాడితే పెద్దవాళ్లు వంగి కళ్లలోకి చూసి జవాబు చెబుతున్నారా? ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టే ముందు ఎందుకు ఏడుస్తోందో అడుగుతున్నారా? పుస్తకాలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా? మాటల్లో అంకెలు, రంగులు దొర్లుతున్నాయా?

ఈ డేకేర్‌కి ఇప్పుడున్నవి రెండు స్టార్లు. మూడోది వస్తే దగ్గర్లోని ఆసుపత్రి వాళ్లు తమ ఉద్యోగుల పిల్లలందర్నీ ఇక్కడికే పంపుతామన్నారట. నడిపేది ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క ఆఫీసు గదిలో ఉంటుంది, చెల్లెలు ఈ గదిలో పిల్లల్ని చూస్తుంది. పిల్లలందరికీ చెల్లెలు 'అత్త'. పొద్దున గుమ్మంలోనే అక్క ఎదురొచ్చి చేతులు నలుపుకుంటూ, "మేడం గారూ, మీరసలు లేరనే అనుకుంటాం. మా చెల్లికి కూడా గట్టిగా చెప్పా, ఆవిడ వైపు కన్నెత్తి చూశావో నీ సంగతి చూస్తా అని" అంది. చెల్లెలు ఆ మాట అక్షరాలా పాటిస్తోంది. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా ఈ మూలకి చూడలేదు. గదికి నాలుగు మూలలుంటే చెల్లెలి లెక్కలో మూడే ఉన్నాయి.

మంచి పిల్ల ఆ అత్త. అది ఒప్పుకోవాలి. ముప్ఫై లోపే ఉంటాయి. మోచేతి దాకా రంగుల మరకలు. పిల్లలు ఏమడిగినా ముందు నవ్వు వస్తుంది, తర్వాత మాట వస్తుంది. షీటులో మొదటి పేజీ నిండా పెద్ద మార్కులే పడ్డాయి. ఆమెకు పెద్ద మార్కులు వేయడం ఇష్టం. వేసేటప్పుడు వేళ్లు కొంచెం వెచ్చబడతాయి.

ఇప్పుడు అత్త చాప మీద కూర్చుని కథ చదువుతోంది. గొడుగు పోగొట్టుకున్న ఏనుగు పిల్ల కథ.

"మంచం కింద ఉందా?"

"లేదూ!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు.

"మరి తలుపు వెనకాల ఉందా?"

"లేదూ!"

కొత్తగా వచ్చిన పిల్లని గుంపులో ఎలా కలుపుకుంటారు? అది షీటులో తర్వాతి ప్రశ్న. జవాబు ఎదురుగానే ఉంది. అత్త ఒళ్లో, మెడకి బాతుబొమ్మ గుడ్డ కట్టుకున్న బాబు, గడ్డమంతా చొంగ. పక్కన పసిపిల్లల గది నుంచి వచ్చాడు. వచ్చే నెల ఈ గదికి మారతాడు కాబట్టి అలవాటు కావడానికి కథ వేళకి పంపుతారు. ఇందాక పెరట్లో ఆట అయ్యాక పిల్లలు లోపలికొచ్చి బేసిన్ల దగ్గర చేతులు కడుక్కుంటుంటే సగం తలుపు తెరుచుకుని, "ఇదిగో, మీ గదికి కొత్త అల్లుడొచ్చాడు" అని పక్కగది ఆయా గొంతు వినిపించింది. "రానీ, రానీ" అంది అత్త, వెనక్కి తిరగకుండానే. అప్పుడు ఈమె తలొంచుకుని సబ్బు గురించి రాసుకుంటోంది.

పెన్సిల్ కాగితం మీద ఆగింది.

బాతు గుడ్డ బాబు ఇందాక పెరట్లో లేడు.

అవును, లేడు. ఉంటే ఆ గుడ్డ కనిపించేది. వాడు పక్కగది నుంచే వచ్చాడు. మరి వాడు ఎక్కువ కదా. ఎక్కువైనప్పుడు...

చేతులు కడుక్కోవడం అయ్యాక అత్త పిల్లల తలలు తడుతూ గట్టిగా లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు..." మధ్యలో బుగ్గలున్న పిల్లాడొకడు లేచి, "అత్తా, నన్ను పేరు పెట్టి పిలవలేదు! రోజూ పిలుస్తావుగా!" అని పేచీ పెట్టాడు. "ఇవాళ పేర్లు కాదు బుజ్జులూ, ఇవాళ అంకెలు. అంకెలు ఎంత బాగుంటాయో చూడు" అని, వాడి తల కూడా తట్టి, "ఎనిమిది! అందరూ వచ్చేశారు!" అని చప్పట్లు కొట్టింది. ఎనిమిదే ఆ గది లెక్క. ఈ వయసు పిల్లలు ఒక మనిషికి ఎనిమిది దాటకూడదని లైసెన్స్ నిబంధన. అలవాటు కోసం కాసేపు వచ్చే పిల్ల పక్కగది లెక్కలోనే ఉంటుంది. అంకెల మాట విని ఈమె షీటులో 'అంకెలు' అన్న గడిలో మార్కు వేసింది. పెద్ద మార్కే.

ఎనిమిదిలో బాబు ఒకడైతే, మిగిలింది ఏడుగురు.

కళ్లతో మళ్లీ లెక్కపెట్టింది. బుగ్గల బుజ్జులు. రెండు పిలకలు. ముక్కు చీదే వాడు. కవలల్లా ఒకే చొక్కా వేసుకున్న ఇద్దరు. దుప్పటి ముక్క వదలని పిల్ల. మాటిమాటికీ టాటా చెప్పేవాడు. ఒళ్లో బాబు. ఎనిమిది. మళ్లీ లెక్కపెడితే మళ్లీ ఎనిమిది. అంకె ఎంత నిబ్బరంగా ఉందంటే దాని ముందు తనే తప్పేమో అనిపించింది. ఎవరు లేరు? లేని మనిషి ముఖం ఎలా గుర్తొస్తుంది?

బూట్లు గుర్తొచ్చాయి.

పెరట్లో ఉండగా ఆమె చూపు రెండుసార్లు షీటు దాటి పోయింది. మొదటిసారి గేటు దగ్గర. దానికి స్ప్రింగు ఉంది, తనంతట తనే మూసుకోవాలి. కూరగాయలతను వచ్చి వెళ్లాక అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. వంటావిడ బయటికొచ్చి, తుంటితో ఒక్క తోపు తోసి గడియ పెట్టి, "దీనికి రోజూ నా తుంటే దిక్కు" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. షీటులో గేటుకి గడి లేదు. సాయంత్రం లైసెన్స్ సెక్షన్‌లో ఎవరికైనా చెప్పాలి అనుకుంది. అనుకుని వదిలేసింది.

రెండోసారి, పెరటి మూలనున్న ప్లాస్టిక్ బొమ్మరిల్లు దగ్గర. గేటుకి దగ్గరే అది. లోపల ఒక పిల్ల. ఎర్ర బూట్లు, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ. మిగతావాళ్లు జారుడుబల్ల దగ్గర తోసుకుంటుంటే ఆ పిల్ల బొమ్మరింట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. అత్త ఒక బంతి పట్టుకెళ్లి, "దొరసాని గారికి బంతి కావాలా?" అని అడిగింది. దొరసాని బంతిని కాసేపు పరిశీలించి, అక్కర్లేదన్నట్టు తలూపింది. "సరే, తమ చిత్తం" అని అత్త దండం పెట్టింది. ఈమె నవ్వబోయి ఆపుకుంది. పరిశీలకులు నవ్వకూడదు. నవ్వితే పిల్లలు ఇటు చూస్తారు.

చెప్పుల అర వైపు చూసింది. లోపలికొచ్చేటప్పుడు పిల్లలు విప్పిన బూట్లన్నీ అక్కడున్నాయి. నీలం, తెలుపు, పువ్వులవి, దీపాలు వెలిగేవి. ఎర్రవి లేవు.

గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. తర్వాత, ఆశ్చర్యం, మళ్లీ మామూలుగానే కొట్టుకోసాగింది. మెదడు పనిలో దిగింది. ఆ పిల్లని వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లి ఉండొచ్చు. నువ్వు తలొంచుకుని రాసుకుంటున్నావుగా. బాత్రూంలో ఉండొచ్చు. ఆఫీసు గదిలో అక్క దగ్గర ఉండొచ్చు. బూట్లతోనే లోపలికొచ్చి ఉండొచ్చు, అలాంటి పిల్లే. ఈ గదిని మూడేళ్లుగా చూస్తున్న మనిషికి తెలియదా, ఒక్క పూట చూసిన నీకు తెలుసా?

ప్రమాదం కళ్లకు కనిపిస్తే తప్ప పరిశీలకులు నోరు తెరవకూడదు, పిల్లల్ని ముట్టుకోకూడదు. కనిపించాలి. కనిపించనిదాన్ని ప్రమాదం అనొచ్చా? ఒక పిల్ల కనిపించకపోవడమే ప్రమాదం అయితే, దాన్ని కనిపించడం అంటారా?

ఒకసారి ముట్టుకుంది. వేరే చోట, వేరే ఏడాది. జారుడుబల్ల పైన చిక్కుకుపోయి ఒక పిల్లాడు ఏడుస్తుంటే లేచి వెళ్లి దించింది. అప్పటికే అక్కడి ఆయా వాడి వైపు వస్తోందట, రెండడుగుల దూరంలో ఉందట. "మీ మనిషి మా మార్కులు చెడగొట్టింది" అని ఆ డేకేర్ వాళ్లు గొడవ చేస్తే రేటింగ్ రద్దయింది, మొదట్నుంచి మళ్లీ చేయాల్సి వచ్చింది. పై అధికారి కోప్పడలేదు. అదే నయం అనిపించేది కోప్పడి ఉంటే. మెత్తగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, "మీ చేతులు మీ ఒళ్లోనే ఉండాలండీ. పొరపాటు చేస్తే వాళ్లని చేయనివ్వండి, దాన్నే కదా మనం రాసుకునేది" అన్నాడు. అప్పట్నుంచీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"అలమర మీద ఉందా?" అంది అత్త.

"లేదూ!"

ఈమె అత్త వైపు చూసింది. ఊరికే కాదు, కళ్లు చిట్లించి, పిలుస్తున్నట్టు. ఒక్కసారి ఇటు చూడమ్మా. చూస్తే చాలు, నేను చెప్పక్కర్లేదు, నా ముఖం చూస్తేనే నీకు ఏదో తోస్తుంది. అత్త పేజీ తిప్పింది. ఆ చూపు తగిలిందేమో, చెవి దగ్గర చర్మం కొంచెం ఎర్రబడింది. కానీ తల తిప్పలేదు. గొంతులో హుషారు మాత్రం మరింత పెరిగింది. చూపుకి అర్థం, ఇంకా బాగా చదవాలని అనుకుంది కాబోలు.

ఈమె దగ్గింది.

బుజ్జులు ఒక్కడే వెనక్కి తిరిగాడు. "అత్తా, కుర్చీ దగ్గింది" అన్నాడు.

పిల్లలు విరగబడి నవ్వారు. అత్త పెదవి కొరుక్కుంది. నవ్వాపుకోడానికో, భయపడో. "మనం కథ వింటున్నాం కదా బుజ్జులూ, కుర్చీలు దగ్గవు" అంది.

కుర్చీలు దగ్గవు. ఆ మాట అన్నది ఎంత ప్రేమగానో, ఎంత బతిమాలుతున్నట్టో! ఆ గొంతులో ఉన్నది ఈమెకు స్పష్టంగా వినిపించింది. అమ్మా, ఈ ఒక్క పూట గడవనీ, ఇప్పటిదాకా బాగానే చేశాను కదా, చెడగొట్టకు. ఎవరూ పైకి అనని ఇలాంటి మాటలు వినడమే ఈమె జీవితం. ఇంట్లో కూడా అంతే. వినిపించేవి. విన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు.

మెడ తిప్పి అద్దం తలుపు వైపు చూసింది. అక్కణ్నుంచి జారుడుబల్ల కనిపిస్తోంది, తీగ మీద ఆరేసిన చిన్న చిన్న తువ్వాళ్లు కనిపిస్తున్నాయి. బొమ్మరిల్లు పైకప్పు అంచు మాత్రమే కనిపిస్తోంది. పది అడుగులు ముందుకేస్తే అంతా కనిపిస్తుంది. కొంచెం వంగింది. కుర్చీ కిర్రుమంది.

ఆఫీసు గది తలుపులోంచి అక్క తొంగిచూసింది. మేడం గారు కళ్లు చిట్లించి వెలుతురు వైపు వంగి ఉండడం చూసింది. ముఖం నిండా నొచ్చుకుంటూ మునివేళ్ల మీద గబగబా నడిచొచ్చి, అద్దం తలుపుకి తెర లాగేసింది. తర్వాత, ఎండ కళ్లలో పడుతోంది కదా, ఇప్పుడు సుఖంగా ఉందా అన్నట్టు తలూపి, నోటికి వేలు అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తెర మీద పసుపుపచ్చ చేపలు ఈదుతున్నాయి.

ఇంతలో ఎంతసేపయింది? తెలియలేదు. అంతసేపేం కాలేదు, కథలో ఏనుగు పిల్ల ఇంకా ఇల్లు దాటలేదు. మరి ఆ పిల్ల ఎందుకు ఏడవదు? వదిలేసి వెళ్లిపోయారని తెలిస్తే పిల్లలు ఏడుస్తారు, తలుపు బాదుతారు. ఏడుపు వినిపించడం లేదంటే పిల్ల బయట లేదనే కదా? ఆ ఆలోచన ఎంత హాయిగా వచ్చి కూర్చుందంటే, ఆమె దాన్ని దాదాపు పట్టుకుంది. పట్టుకుని, అరచేతిలో పెట్టుకుని చూసింది.

కాదు. ఏడవని పిల్లలుంటారు.

నాన్న వీధిలోకీ అమ్మ వంటింట్లోకీ వెళ్లిపోయాక, సందులోంచి తను ఏడ్చిందా? లేదు. బయటికొచ్చిందా? లేదు. ఎవరో ఒకరు వచ్చి, అయ్యో ఇక్కడున్నావా అంటారని కూర్చునేది. అడిగితే మాత్రం, ఆడుకుంటున్నా అనేది. ఎవరూ రాకపోతే, ఆకలి వేసి తనే లేచి పోయేది. వంటింట్లోకి కాదు. తలుపు ఏది తెరిచి ఉంటే అందులోకి. ఒకసారి వీధి తలుపు తెరిచి ఉంది. అప్పుడు ఎంత దూరం నడిచిందో, ఎవరు తీసుకొచ్చారో గుర్తులేదు. కాళ్ల కింద తారు కాలడం గుర్తుంది. అమ్మ కొట్టడం గుర్తుంది. కొడుతూ అమ్మ అన్న మాట గుర్తుంది. 'నోట్లో నాలుక లేదుటే నీకు?'

అద్దం అవతల ఏదో బండి వచ్చి ఆగింది. నీళ్ల క్యాన్ల బండి అయుంటుంది. డబ్బాలు ఒకదానికొకటి తగిలి డొల్లగా మోగాయి. గేటు తెరిచిన చప్పుడు. బరువు కాళ్లు. పెరటి వెంట వంటింటి వైపు. వంటావిడ గొంతు, "ఇటు పెట్టు నాయనా, ఇటు." ఖాళీ డబ్బాలు తీసుకుని కాళ్లు వెనక్కి. గేటు కిర్రుమంటూ కొంత దూరం వచ్చింది.

గడియ పడే చప్పుడు కోసం ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుంది.

పడలేదు. బండి కదిలి వెళ్లిపోయింది. వంటావిడ ఇంకా లోపలే ఉంది, గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మరి వీధిలో ఉందా?" అంది అత్త, కళ్లు పెద్దవి చేసి.

"లే..." అని పిల్లలు గొంతెత్తారు.

ఆమె లేచి నిలబడింది.

చిన్న కుర్చీ ఆమెకు అతుక్కుని కొంచెం పైకి లేచి, ఊడి, వెనక్కి పడింది. ప్యాడ్ నేల మీద చప్పుడు చేసింది. పెన్సిల్ దొర్లుకుంటూ చాప కిందికి పోయింది. పిల్లలంతా ఇటు తిరిగారు. ఇక తిరగక తప్పక అత్త కూడా తిరిగింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఇద్దరి కళ్లూ కలిశాయి.

"పేర్లు పిలువమ్మా" అంది ఈమె. ఎప్పుడూ వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"మేడం?"

"అంకెలు కాదు. రోజూ పిలిచినట్టు పేర్లు పిలువు."

అత్త ముఖంలో మొదట వచ్చింది నిరాశే. అయిపోయింది, ఏదో తప్పు చేశా అన్నట్టు. ఆ ముఖంతోనే, చెప్పిన మాట వినే పిల్లలా, ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ మొదలుపెట్టింది. "మా బుజ్జులు... మా పిలకలమ్మ... చీమిడి బాబు... పెద్ద చొక్కా, చిన్న చొక్కా... దుప్పటి రాణి... టాటా గారు..." చెయ్యి ఒళ్లోని బాబు మీదికొచ్చి, బాతు గుడ్డ మీద ఆగిపోయింది. "మా అల్లుడు" అనబోయింది. పెదవులు ఆ మాట పట్టుకునే ఉన్నాయి, గొంతు రాలేదు. ముఖంలో రక్తం ఎలా దిగిపోతుందో ఈమె దగ్గర్నుంచి చూసింది.

"దొరసాని" అంది అత్త. తర్వాత అరిచింది. "అక్కా!"

అరుస్తూనే సగం లేచింది. లేచి, చుట్టూ ఉన్న ఎనిమిది ముఖాలు చూసి ఆగిపోయింది. ఈ గదిలో లెక్కకొచ్చే పెద్ద మనిషి తనొక్కతే. వదిలి వెళ్లకూడదు. పక్కగది ఆయా పసివాళ్లని వదిలి రాకూడదు. వెళ్లాలనీ, వెళ్లకూడదనీ ఒళ్లు రెండుగా లాగుతుంటే, బాబుని గుండెకి అదుముకుని అక్కడే నిలబడిపోయింది. అక్క పరుగున వచ్చింది. "ఏమైందే? మేడం గారూ, ఏమైంది?" "దొరసాని బయట ఉండిపోయింది అక్కా." అక్క ముందుగుమ్మం వైపు పరిగెత్తింది, వీధిలోకి, చెప్పులు కూడా లేకుండా.

ఈమె తెర లాగింది. చేపలన్నీ ముడతలు పడి ఒక పక్కకి చేరాయి. అద్దం తలుపు తెరిచింది.

ఎండ. తీగ మీద తువ్వాళ్లు. గేటు సగం తెరిచి ఉంది, దాని సందులోంచి వీధి ముక్క, నడిచిపోతున్న ఎవరివో కాళ్లు. పెరట్లో చడీచప్పుడూ లేదు. ఒక్కో అడుగు వేస్తుంటే ఏమేం అవుతాయో అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఈ రేటింగ్ చెల్లదు, మూడో స్టారు పోయింది. లైసెన్స్ సెక్షన్‌కి ఇవాళే ఫోన్ చేయాలి, వాళ్లు వస్తారు, ఆ అత్తను నుంచోబెట్టి అడుగుతారు. ఎప్పటినుంచి తెలుసు మీకు అని తననీ అడుగుతారు. కథలో ఏ పేజీ దగ్గర తెలిసిందో తను చెప్పాలి. చెబుతుంది. ముందు గేటు వైపు వెళ్లాలా, బొమ్మరిల్లు వైపు వెళ్లాలా? కాళ్లే తేల్చుకున్నాయి. కదలని పిల్ల ఎక్కడుంటుందో వాటికి తెలుసు. తెలుసని నమ్మడం కూడా ఒక ఆశే కావచ్చు అనుకుంటూనే నడిచింది.

బొమ్మరింటి కిటికీ ఖాళీగా ఉంది. వంగింది. తలుపు ఆమె నడుం దాకా కూడా లేదు. మోకాళ్ల మీద కూర్చుని, తల లోపల పెట్టింది.

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. చీకటికి కళ్లు అలవాటు పడడానికి ఒక్క క్షణం. తర్వాత, ముందు ఎర్ర బూట్లు కనిపించాయి, తారుమారుగా. వాటి పైన ముడుచుకున్న మోకాళ్లు, మోకాళ్ల మీద గడ్డం. చెమటకి నుదుటి మీద అంటుకున్న జుట్టు. పిల్ల నిద్రపోవడం లేదు, ఏడవడం లేదు. రావాల్సిన మనిషి కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే అన్నట్టు చూస్తోంది.

ఇంతసేపూ చూస్తూనే ఉందా? తెర వేయడం, క్యాన్ల మనిషి రావడం, గేటు తెరుచుకుని ఉండిపోవడం, అన్నీ?

ఏదో అనాలనిపించింది. ఇన్నేళ్లలో ఎన్నో వందల మంది పిల్లల్ని చూసింది గానీ, ఒక్కరితో కూడా మాట్లాడింది లేదు. వెనకాల లోపల్నుంచి అత్త గొంతు, ఏడుస్తూ, పేర్లు మళ్లీ మొదట్నుంచి పిలుస్తోంది.

"అయ్యో, ఇక్కడున్నావా" అంది.

ఒళ్లో ఉన్న చేతులు తీసి, రెండూ, పిల్ల వైపు చాచింది.